తీగ ఎవరి పేరున ఉంది?

(జిల్లా కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నిన్నటి నుంచీ మనం గృహహింస చట్టం గురించీ, ఆస్తిలో వాటా గురించీ, పని చోట వేధింపుల గురించీ మాట్లాడుకుంటున్నాం. ఇవన్నీ పెద్ద విషయాలు. నన్ను ఇంట్లో ఇంటర్నెట్ గురించి మాట్లాడమన్నారు. నాకు కంప్యూటర్ విద్య రాదు. ముప్ఫై ఏళ్ళు స్కూల్లో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని. అందుకని సిద్ధాంతాల జోలికి పోకుండా, పోయిన ఏడాది తెనాలిలో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న తర్జనభర్జన మీ ముందు పెడతాను. పాత రాగి తీగ బ్రాడ్‌బ్యాండ్ తీసేసి ఫైబర్ పెట్టించుకోవాలా వద్దా అన్నదే ఆ తర్జనభర్జన. ఇది కూడా ఒక హక్కుల సమస్యేనా అని మీరు నవ్వొచ్చు. నేనూ మొదట నవ్వాను.

మా ఇంటికి టెలిఫోను 1994లో వచ్చింది. దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసే రోజులవి. దరఖాస్తు నింపింది నేను, డబ్బు కట్టింది నా జీతంలోంచి, సంతకం మాత్రం మా ఆయనది. ఎందుకలా అని అప్పుడు ఎవరూ అడగలేదు, నేను కూడా అడగలేదు. అప్పటికి మన సంఘానికి ఆఫీసు లేదు. కరపత్రాల అడుగున ఏదో ఒక నంబరు వెయ్యాలి కాబట్టి మా ఇంటి నంబరు వేశాం. ఆ కరపత్రాలు ఎన్ని ఊళ్ళు తిరిగాయో, ఎంతమంది ఆడవాళ్ళు ఆ నంబరును నోటికి పట్టి ఉంచుకున్నారో లెక్క లేదు. సెల్‌ఫోన్లు వచ్చాక కూడా కొందరు ఆ నంబరుకే చేస్తారు. పిల్ల పుస్తకం అట్ట మీదో, గోడ మీద క్యాలెండర్ వెనకో రాసి పెట్టుకున్న నంబరు అదే మరి.

2012 ఎండాకాలంలో కరెంటు కోతలు మీకు గుర్తుండే ఉంటాయి. ఒక రాత్రి వీధంతా చీకటి. అప్పుడు ఫోను మోగింది. ఒకామె బస్టాండు దగ్గర రూపాయి బిళ్ళ ఫోను నుంచి మాట్లాడుతోంది. ఇద్దరు పిల్లలతో ఇల్లు వదిలి వచ్చేసింది. మేం వెళ్ళి తీసుకొచ్చాం. ఆ రాత్రి మా ఇంట్లో కరెంటు లేకపోయినా ఫోను ఎందుకు పనిచేసిందో నాకు తర్వాత తెలిసింది. రాగి తీగ ఫోనుకు కావలసిన కొద్దిపాటి కరెంటు ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి ఆ తీగ మీదే వస్తుంది. మన మీటరుతో దానికి పని లేదు.

2008లో అదే తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాం. అప్పట్లో అదే గొప్ప. 2004 నాటి ప్రభుత్వ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చు. 2013లో దాన్ని 512 చేశారు. 2023లో 2 మెగాబిట్లు చేశారు. కొలత పెరుగుతూ పోయింది, మా తీగ మాత్రం పాతబడుతూ వచ్చింది.

పోయిన ఏడాది ఒక ఆదివారం మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. వాడు వారం వారం వచ్చి పోతుంటాడు, కోడలూ మనవరాలూ మా దగ్గరే ఉంటారు. "అమ్మా, ఫైబర్ బుక్ చేసేస్తున్నాను. 300 ఎంబీపీఎస్. సినిమాల యాప్‌లన్నీ ఫ్రీ. నాన్నకి చెప్పాను, సరేనన్నాడు" అన్నాడు. అంటే ఇంట్లో ఉన్న నలుగురిలో ఒకరిని అడిగారు, నిర్ణయం అయిపోయింది. వాడు చెడ్డవాడు కాదు. మా మంచి కోరే చేశాడు. కానీ మన ఇళ్ళలో మంచి కూడా ఇలాగే జరుగుతుంది, మనల్ని అడక్కుండా. "వారం రోజులు ఆగు, ఇంట్లో అందరం మాట్లాడుకుని చెప్తాం" అన్నాను. "దీనికి మాట్లాడుకోవడం ఏమిటమ్మా!" అని ఆశ్చర్యపోయాడు.

ముందు అసలు తేడా ఏమిటో తెలుసుకుందామనుకున్నాను. నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఈ శాఖలో పనిచేస్తుంది. ఆమె నాకు అర్థమయ్యేలా చెప్పింది. రాగి తీగలో విద్యుత్తు ప్రయాణిస్తుంది. ఎక్స్ఛేంజీ నుంచి ఇల్లు దూరమయ్యే కొద్దీ అది పలచబడుతుంది. మూడు నాలుగు కిలోమీటర్లు దాటితే బాగా పడిపోతుంది. వానకు తడిసిన అతుకులు, తుప్పు పట్టిన అతుకులు ఉంటే మరీ కష్టం. ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నటి గాజు పోగు. అందులో కాంతి ప్రయాణిస్తుంది. ఇరవై కిలోమీటర్లయినా పెద్దగా తగ్గదు, తుప్పు పట్టదు, పక్కనే కరెంటు తీగ ఉన్నా దానికి ఏమీ కాదు. ఒక పోగును వీధి చివర చీల్చి ముప్ఫై రెండు ఇళ్ళకో, అరవై నాలుగు ఇళ్ళకో పంచుతారు. గట్టిగా వంచితే మాత్రం కాంతి కారిపోతుంది, తెగితే ఇంట్లో అతికించుకోలేం.

ఇంకొక మాట కూడా చెప్పింది. అన్నిటికన్నా నాకు పనికొచ్చింది అదే. "టీచర్‌గారూ, అందరూ కిందికి వచ్చే స్పీడే చూస్తారు. పైకి వెళ్ళే స్పీడు కూడా చూడండి" అంది. మనం సినిమా చూస్తే సరుకు కిందికి వస్తుంది. మనం మాట్లాడితే, మన ముఖం అవతలివాళ్ళకు కనబడాలంటే, మనం రాసిన కాగితాలు పంపాలంటే సరుకు పైకి వెళ్ళాలి. పాత తీగ మీద పైకి వెళ్ళే దారి మొదటి నుంచీ ఇరుకే. మా ఇంట్లో కొలిచి చూపించింది. కిందికి 6 మెగాబిట్లు వస్తున్నాయి, పైకి ఒకటి కూడా లేదు. వినడానికి ఉంది గానీ చెప్పడానికి లేదన్నమాట. ఆడవాళ్ళ విషయంలో ఇది మనకు కొత్తేమీ కాదు కదా!

తర్వాత ఇంట్లో అందరినీ కూచోబెట్టి, ఎవరికి ఏం కావాలో అడిగాను. మా ఆయనకు క్రికెట్, వార్తలు. వాటికి ఇప్పుడున్నది సరిపోతోంది, ఎప్పుడన్నా ఆగుతుంది. మనవరాలికి పాఠాలు. కోడలు మొదట ఏమీ చెప్పలేదు. "నాకేం ఇబ్బంది లేదు అత్తయ్యా, ఏదైనా సరే" అంది. ఆడవాళ్ళు "ఏదైనా సరే" అన్నప్పుడు అక్కడ ఆగి మళ్ళీ అడగాలని మన పని మనకు నేర్పింది. రాత్రి గిన్నెలు కడిగేటప్పుడు మళ్ళీ అడిగాను. అప్పుడు చెప్పింది.

ఆ అమ్మాయి ఒక కంపెనీకి ఇంటి నుంచే లెక్కలు చూస్తుంది. మీటింగుల్లో తన ముఖం ఆగిపోతుంది, మాట తెగిపోతుంది. కెమెరా ఎందుకు తీసేస్తున్నావని పై ఆయన రెండుసార్లు అడిగాడట. అందుకని సొంత ఫోన్ డేటా వేసుకుని మేడ మీదికి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు పక్కన నీడలో కూచుని మాట్లాడుతోంది. ఎండాకాలమంతా అలాగే చేసింది. బట్టలు ఆరేయడానికి వెళ్తోందనుకున్నాను నేను. ఈ ఏడాది జీతం పెంచకపోతే మానేద్దామని కూడా అనుకుందట. ఒకే ఇంట్లో ఉంటూ నాకు తెలియలేదు. ఊళ్ళో ఆడవాళ్ళ సమస్యలు వినే నేను నా ఇంట్లో ఒక మనిషిని అడగలేదు.

వైఫై పెట్టె మా ఇంట్లో హాల్లో టీవీ పక్కన ఉంది. అక్కణ్ణుంచి వంటింటికి రెండు గోడలు, కోడలి గదికి మూడు. పెట్టె ఎక్కడ పెట్టాలో ఎవరు నిర్ణయించారు? ఎవరూ నిర్ణయించలేదు, టీవీ అక్కడుంది కాబట్టి అక్కడ పెట్టారు. టీవీ ఎవరి కుర్చీకి ఎదురుగా ఉంటుందో మీ అందరికీ తెలుసు. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి దానిలో పాల్గొనే స్త్రీలు రోజుకు 289 నిమిషాలూ, పురుషులు 88 నిమిషాలూ పెడుతున్నారని తేలింది. ఆ 289 నిమిషాలు ఇంట్లో ఏ మూల గడుస్తాయో, వైఫై సరిగ్గా ఆ మూలకే అందదు.

ఇక ఖర్చు సంగతి. అబ్బాయి చెప్పిన 300 మెగాబిట్ల ప్లాను నెలకు 999. ప్రకటనలో పన్ను ఉండదు. 18 శాతం జీఎస్టీ కలిపితే 1,179 రూపాయలు. ఇంకొక ప్లాను 499, పన్నుతో 589. దానిలో 100 మెగాబిట్లు. మనకు ఎంత కావాలి? స్పష్టమైన వీడియోకు 5 మెగాబిట్లు చాలు. వీడియో మీటింగుకు పైకి మూడు నాలుగు, కిందికి మూడు నాలుగు ఉంటే బాగా నడుస్తుంది. ఇంట్లో నలుగురం ఒకేసారి వాడినా ముప్ఫై దాటదు. 100 కూడా మాకు ఎక్కువే. రెండు ప్లాన్ల మధ్య తేడా నెలకు 590, ఏడాదికి 7,080 రూపాయలు. వాడని స్పీడుకు కట్టే డబ్బు అది. ఇంకొకటి గుర్తుంచుకోండి. వాళ్ళు చెప్పేది బిట్ల లెక్క, మన ఫైళ్ళు బైట్ల లెక్క. ఎనిమిది బిట్లు ఒక బైటు. అంటే 100 మెగాబిట్లంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. "అపరిమితం" అన్నచోట కూడా నెలకు ఇంత వాడాక స్పీడు తగ్గిస్తామని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదవకుండా సంతకం పెట్టకండి. సేవలో లోపముంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. టెలికాం ఫిర్యాదులను వినే అధికారం వాటికి ఉందని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఇంతవరకూ వచ్చాక ఫైబర్ కావాలన్నది తేలింది. కానీ నన్ను రెండు విషయాలు పట్టి ఆపాయి. ఒకటి ఆ నంబరు. సెల్ నంబరును కంపెనీ మారినా ఉంచుకునే సదుపాయం 2011 నుంచీ దేశమంతటా ఉంది. ల్యాండ్‌లైన్ నంబరును అలా వేరే కంపెనీకి తీసుకుపోలేమన్నారు. అబ్బాయి బుక్ చేయబోయింది వేరే కంపెనీ. పాత కంపెనీయే రాగి నుంచి ఫైబర్‌కు మారిస్తే నంబరు అదే ఉంటుందని చెప్పారు. దాంతో ఏ కంపెనీ అన్నది తేలిపోయింది. సినిమాల యాప్‌లు పోయినా పోనీ, నంబరు ఉండాలన్నాను.

రెండోది కరెంటు. గాజు పోగులో కాంతి వస్తుంది గానీ ఫోనును నడిపే కరెంటు రాదు. ఇంట్లో పెట్టే పెట్టెకు మన కరెంటే కావాలి. కరెంటు పోతే నెట్టూ పోతుంది, ఫోనూ పోతుంది. అమ్మేవాళ్ళు ఈ సంగతి చెప్పరు, మనం అడగాలి. 2012లో ఆ రాత్రి మా ఇంట్లో ఫైబర్ ఉండి ఉంటే ఆ ఫోను మోగేది కాదు. దీనికి మార్గం ఉంది. ఆ పెట్టెకు సరిపోయే చిన్న బ్యాటరీ దొరుకుతుంది. పదిహేను వందల రూపాయలకు మేం కొన్నది మూడు గంటల పైన నిలబెడుతోంది. పెద్ద ప్లాను తీసుకోకుండా మిగిల్చిన డబ్బుతో మూడు నెలల్లో అది వచ్చేసింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మార్పు కోసం వచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడి అడిగిన మొదటి మాట, "సార్ ఉన్నారా అమ్మా?" కనెక్షన్ సార్ పేరున ఉంది. ఓటీపీ సార్ ఫోనుకే వస్తుంది. ముప్ఫై ఏళ్ళు బిల్లు కట్టినదాన్ని నేను, ఆ కంపెనీ లెక్కల్లో నేను లేను. మా ఇంట్లో అది పెద్ద ప్రమాదం కాదు. అన్ని ఇళ్ళూ మా ఇల్లు కాదు.

మన కౌన్సెలింగు గదికి వచ్చిన ఒకామె సంగతి చెప్తాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆమె ఇంట్లో కుట్టు పని చేస్తుంది. ఆర్డర్లన్నీ వాట్సాప్ మీద వస్తాయి. భర్త వేరే ఊళ్ళో పని. ఇంటికి ఫైబర్ పెట్టించాడు, దానితోపాటు రెండు కెమెరాలు పెట్టించాడు. రక్షణ కోసమన్నాడు. ఒకటి వంటింటి గుమ్మం వైపు చూస్తుంది. "ఇప్పుడు తలుపు దగ్గర ఎవరితో మాట్లాడావు?" అని అక్కణ్ణుంచి ఫోన్ చేసేవాడు. గొడవ వచ్చినప్పుడల్లా తన సెల్‌లోని యాప్‌తో ఇంట్లో వైఫై ఆపేసేవాడు. రెండు రోజులు, మూడు రోజులు. ఆమె పని ఆగిపోయేది, చేతిలో పైసా ఆడేది కాదు. ఆమె మాతో అన్న మాట నేను మరిచిపోలేను. "కొట్టలేదమ్మా. కొట్టి ఉంటే చెప్పుకునేదాన్ని" అంది.

మిత్రులారా, 2005 నాటి గృహహింస చట్టం కొట్టడం ఒక్కటే హింస అనలేదు. మాటలతో, మనసును నొప్పించి చేసే హింసనూ, ఆర్థిక హింసనూ అది గుర్తించింది. ఆ సంబంధం వల్ల వాడుకునే హక్కున్న వనరులనూ, సదుపాయాలనూ స్త్రీకి అందకుండా చేయడం ఆర్థిక హింస కిందికి వస్తుంది. ఆ చట్టం రాసినప్పుడు ఎవరూ వైఫైని తలచుకుని ఉండరు. కానీ ఆమె బతుకుతెరువును యాప్ మీద వేలితో నొక్కి ఆపేయడం ఆ మాటలకు సరిపోదా? ఇకమీదట మనం రాసుకునే ఫిర్యాదుల్లో "ఇంట్లో నెట్ ఎవరి చేతిలో ఉంది?" అనే ప్రశ్న కూడా అడగాలని నా మనవి. ఆపదలో ఉన్న స్త్రీకి ఒక జాగ్రత్త కూడా చెప్పండి. వైఫై ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు ఏ ఫోన్లు దానికి కలిశాయో తెలుస్తుంది, ఏ సైట్లకు వెళ్ళారో కూడా కొంతవరకు తెలుసుకోవచ్చు. ఇల్లు వదిలే ఏర్పాట్లేవీ ఆ వైఫై మీద చేయొద్దని చెప్పండి. 181కి ఫోను చేయాలన్నా పక్కింటి ఫోను నుంచి చేయడమే మేలు.

పల్లెల దాకా తీగ వేయలేదా అంటే, వేశారు. రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011 అక్టోబర్‌లో ఆమోదం తెలిపింది. తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు పెట్టారు. మన రాష్ట్రంలో కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి ప్రారంభించారు. మొదట్లో నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను మూడూ అన్నారు. మంచిదే. కానీ 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5, పురుషులు 57.4. తీగ గుమ్మం దాకా వచ్చాక కూడా గుమ్మం నుంచి వంటింటి దాకా ఇంకా దూరం ఉంది. ఆ దూరాన్ని ఏ కంపెనీ తగ్గించదు.

కేరళలో ఫహీమా షిరిన్ అనే డిగ్రీ విద్యార్థిని ఆ దూరం గురించే కోర్టుకు వెళ్ళింది. ఆమె ఉన్న ఆడపిల్లల హాస్టల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు ఫోను వాడకూడదని నియమం పెట్టారు. ఒప్పుకోనందుకు హాస్టల్ నుంచి వెళ్ళగొట్టారు. 2019 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులోనూ, ఏకాంతపు హక్కులోనూ భాగమని చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఒక ఆడపిల్ల "నేను ఒప్పుకోను" అనడం వల్ల వచ్చిన తీర్పు అది.

చివరికి మేం ఏం చేశామో చెప్పి ముగిస్తాను. ఫైబర్ తీసుకున్నాం, 499 ప్లాను. పాత నంబరు ఉంచుకున్నాం. కనెక్షన్ నా పేరుకు మార్పించాం. మా ఆయన సంతకం పెడుతూ "ఇన్నాళ్ళకు నన్ను బిల్లుల నుంచి విడిపించావు" అని నవ్వాడు. పెట్టెను హాల్లోంచి తీసి నడవాలో పెట్టించాం. అక్కణ్ణుంచి కోడలి గదికీ వంటింటికీ బాగా అందుతుంది, టీవీకి కాస్త తగ్గినా నష్టం లేదు. ఆ కుర్రాడు పాస్‌వర్డ్ ఎవరికి చెప్పాలి అంటే నలుగురికీ అన్నాను. కోడలు మేడ ఎక్కడం మానేసింది. ఉద్యోగం మానలేదు.

మీరు ఇవాళ ఇంటికి వెళ్ళాక నాలుగు సంగతులు చూడండి. కనెక్షన్ ఎవరి పేరున ఉంది? పాస్‌వర్డ్, యాప్ ఎవరి దగ్గర ఉన్నాయి? పెట్టె ఎవరికి దగ్గరగా ఉంది? కరెంటు పోతే ఫోను పలుకుతుందా? మీ సంఘం ఆఫీసులో కూడా చూడండి. మన దగ్గరికి వచ్చే స్త్రీల కాగితాలున్న కంప్యూటరూ, వచ్చిపోయే ప్రతివారి ఫోనూ ఒకే వైఫై మీద, ఒకే పాస్‌వర్డ్ మీద ఉండకూడదు. వచ్చేవాళ్ళకు వేరే పేరుతో వైఫై ఇవ్వొచ్చు, దానికి అదనంగా ఖర్చేమీ కాదు.

ఇంటి పట్టా ఎవరి పేరున ఉంది, రేషన్ కార్డులో ఇంటి పెద్ద ఎవరు అని మనం ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నాం. ఆ ప్రశ్నల వరుసలో తీగను కూడా చేర్చమని అడగడానికే ఇంతసేపు మాట్లాడాను. ఇక మీ అనుభవాలు చెప్పండి, వింటాను.